తేనె సీసా, నూనె సూది

తెల్లారేసరికి ముత్యాలమ్మ ఇంటి వెనక మళ్ళీ బూడిద పోసింది.

ఇది మూడో రోజు. పొయ్యిలో బూడిద చేటలోకి ఎత్తుకుని, పనసచెట్టు దాటి, దడి మూలన కోడలు ఉచ్చకు కూర్చునే చోట చల్లి, పుల్లచీపురుతో సర్దింది. ఎవరు చూసినా కోళ్ళు గీరిన నేల అనుకోవాలి. చీమలు కనబడకూడదు.

స్వర్ణ తడక సందులోంచి చూసింది. తను చూసినట్టు అత్తకు తెలియదనుకుంది.

ఇద్దరూ మాట్లాడుకుని మూడు రోజులైంది. ఆ రోజు సబ్‌సెంటర్లో నర్సు జయలక్ష్మి గాజుగొట్టంలో నీలం మందు పోసి, స్వర్ణ సీసాలో పట్టుకెళ్ళిన ఉచ్చ ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చయింది. ఆకుపచ్చ పసుపయింది. ఆఖరికి ఇటుకపొడి రంగు అడుక్కి దిగింది. వాళ్ళ ఊరు సిరసపుట్టు నుంచి వచ్చిన ఆడవాళ్ళు పది మంది చుట్టూ నిలబడి ఆ రంగు చూశారు.

"సుగరుంది స్వర్ణా. పాడేరు వెళ్ళి రక్తం చూపించుకోవాలి," అంది జయలక్ష్మి.

ఆ మాట స్వర్ణ ఇల్లు చేరేలోగా ఊరు చేరిపోయింది.

ఇప్పుడు స్వర్ణకు ఏడో నెల. ముందు రెండు గర్భాలు నిలవలేదు. ఒకటి మూడో నెలలో పోయింది. రెండోది ఐదో నెల నిండిన నాలుగు రోజులకి, కాఫీ తోటలో, గోనెపట్టా మీద.

స్వర్ణ మొగుడు ధర్మ అరుగు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. నూరడానికి ఆ కత్తికి ఇంకేం మిగల్లేదు.

"అమ్మా, అంబలి తాగవేటి?"

"కడుపు నిండిపోనాది," అంది ముత్యాలమ్మ లోపల్నుంచి. "నీల్లకెల్తే గెడ్డ కాడ పోలయ్య పెళ్ళాం పెట్టినాది. సావుకారి రోగం మీ కొంపకి దారెలా కనుక్కున్నాదే ముత్యాలూ అన్నాది. అందరూ నవ్వినారు. నాను కూడా నవ్వినాను. ఏటి సేత్తాను?"

"దాని నోటికి తలుపు నేదు."

"దానికి నేదు. మనకుందేటి? పంచదార డబ్బా నేని ఇంట్లో సుగరేటిరా? సంతలో బెల్లమచ్చు కొంటే రెన్నెల్లొత్తాది. కల్లు కూడా తియ్యంది తాగం కదా మనం."

"నర్సమ్మ పాడేరు ఎల్లమన్నాది..."

"ఎల్లు! జీపెక్కి ఊరందరికీ సూపించుకుంటా ఎల్లు." ముత్యాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కడుపు నిలబెట్టింది జాకరమ్మ తల్లి. ఐదో నెల దాటగానే నల్లమేకని కోసి ఊరికంతా పెట్టినాను. సామన్నం, మేక పులుసు తిని అందరూ దీవించి ఎల్లినారు. ఇప్పుడా తల్లి ఇచ్చిన బిడ్డకి రోగమని ఏ నోటితో సెప్పమంటావు?"

ధర్మ చూపు ఒక్కసారి అటక మీదికి పోయి వచ్చింది.

స్వర్ణ ఆ చూపు పట్టుకుంది. అటక మీద చోళ్ళ గాదె వెనక ఎండు ఆనపబుర్ర ఒకటి ఉంది. దానికి గుడ్డ కట్టి ఉంది. అందులో ఏముందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

రెండో నెలలో, సంతకని చెప్పి, ధర్మ ఆమెను కొండ దింపి పల్లంలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆమె అంతా విని, గర్భం నిలవడానికి వారానికో సూది రాసింది. అక్కణ్ణుంచి ప్రతి సంతరోజూ, సంతవీధి చివర రేకుల గదిలో కాంపౌండరు సర్వేశ్వరరావు ఆ సూది పొడిచేవాడు. మందు ఆముదంలా చిక్కగా ఉండేది, సూదిలోంచి మెల్లగా దిగేది. వాళ్ళిద్దరూ దాన్ని నూనె సూది అనేవారు. తుంటి రెండువైపులా కాయలు కట్టి, స్వర్ణ పీట మీద ఓ పక్కకి ఒరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది.

వారం వారం కోడల్ని సంతకు తిప్పుతుంటే, కొడుకు పెళ్ళానికి పకోడీలు తినిపిస్తున్నాడని ముత్యాలమ్మ అనుకుంది. అందుకు మూతి తిప్పింది కూడా. గర్భం నిలిచింది మాత్రం మొక్కు వల్ల, ఊరి దిసారి యర్రయ్య మంత్రించి కోడలి నడుముకు కట్టిన నల్లతాడు వల్ల. ఆ సంగతిలో ఆమెకు అనుమానం లేదు. ఆమెకు అనుమానం రానివ్వకూడదని వీళ్ళూ చెప్పలేదు.

ఇంతలో సోని చంకలో బిందెతో పరిగెత్తుకొచ్చింది. ధర్మ చెల్లెలు. పదహారేళ్ళుంటాయి. సగం నీళ్ళు దారిలోనే ఒలకబోసింది.

"అమ్మా! ఆ రోజు వదినకి నువ్విచ్చిన సీసా ఏది?"

"ఏ సీసా ఏటి? గూట్లో ఉన్న కోటరు సీసా."

"అది తేనిసీసా కాదేటి! ఏసంకాలం అన్న కొట్టుకొచ్చిన తేని అందులోనే కదా పోసినాం!"

ముత్యాలమ్మ నోరు తెరిచింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత ఇంట్లో మొదటిసారి నవ్వింది.

"ఓలమ్మ! తేని! ఆ నర్సమ్మ కాసింది తేనిరా! తేనికి సుగరుండదేటి మరి! ఒలే సొర్నా, ఇన్నావా? సీసాదే రోగం. నీది కాదే."

ధర్మ కూడా కత్తి పక్కన పెట్టాడు. అతని ముఖంలో నెత్తురు కదలడం స్వర్ణ చూసింది.

ఆ సీసాను ఆమే కడిగింది. మొదట బూడిద వేసి తోమింది. వేన్నీళ్ళు పోసి గిలకరించింది. మళ్ళీ బూడిద, మళ్ళీ వేన్నీళ్ళు. మూడోసారి అయ్యాక మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది. గాజు వాసన తప్ప ఇంకేం లేదు.

ఆ మాట చెప్పబోయింది. అత్త ఇంకా నవ్వుతోంది. అంబలి కుండ దించి అందరికీ డొప్పల్లో పోస్తోంది. ముందుగా కోడలికే పోసింది.

స్వర్ణ డొప్ప అందుకుని తాగింది. దాహం తీరలేదు. ఈ మధ్య ఏది తాగినా తీరడం లేదు.

* * *

మర్నాడు సంత.

జయలక్ష్మి ఎండుచేపల పైడిరాజు దుకాణం పక్కన పట్టా కింద నిలబడి, చంటిపిల్లల తల్లుల పేర్లు పుస్తకంలో రాసుకుంటోంది. అనకాపల్లి వైపు పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. కొండదారిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం ఈ మధ్యనే నేర్చుకుంది.

ముత్యాలమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నర్సమ్మా, నీకు తేనికీ ఉచ్చకీ తేడా తెల్దేటి?"

చేపలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తారు.

"ఏమైంది మామ్మా?"

"ఏటవుతాది? నా కోడలు తెచ్చింది తేనిసీసా. కడగని సీసా. అందులో నువ్వు తేని కాసి, నా కోడలికి సుగరని ఊరంతా సాటింపేసినావు. సదువుకున్నావు కదా, సీసా ఏటిదని అడగవేటి?"

పైడిరాజు తక్కెడ కింద పెట్టాడు. "ఓరి నాయినో! తేనె కాసీసినారేటి నర్సమ్మగారూ! కొంచెం మిగిలితే నాకూ పొయ్యండి, దగ్గొత్తంది."

నవ్వు దుకాణాల వరస పొడుగునా పాకింది. వెనకున్నవాళ్ళకు సంగతి తెలియకపోయినా నవ్వారు.

జయలక్ష్మి చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూసింది. ముత్యాలమ్మను దాటి వెనకనున్న స్వర్ణను చూసింది.

"సీసా కడగలేదా స్వర్ణా?"

స్వర్ణ ఎండుచేపల గుట్ట చూసింది. నెత్తళ్ళు. కళ్ళన్నీ తెరిచే ఉన్నాయి.

"తెల్దు," అంది.

"అడక్కపోవడం నాదే తప్పు," అంది జయలక్ష్మి. "అందరి ముందూ అలా చెప్పడం కూడా తప్పే. రేపు మీ ఇంటికొస్తాను మామ్మా. గ్లాసు నేనే తెస్తాను. ఇంకోసారి చూద్దాం."

"రా, రా. పోలయ్య పెళ్ళాన్ని కూడా పిలుత్తాను. ఎర్రరంగు సూసిన కల్లే నీలంరంగు సూడాల."

ధర్మతో కలిసి ముగ్గురూ వెనక్కి తిరుగుతుంటే రేకుల గది వరండాలోంచి సర్వేశ్వరరావు చెయ్యి ఊపాడు.

"ఏం ధర్మా! రెండు వారాలై కనబడ్డం మానేశావు?"

ధర్మ వినబడనట్టు నడిచాడు.

"ఆడెవుడ్రా?" అంది ముత్యాలమ్మ.

"కాంపౌండరు. మొన్న కాల్లో ముల్లు దిగితే తీసినాడు."

"మంచోడే. ముల్లు తీసినోడిని మర్సిపోకూడదు," అని ముత్యాలమ్మ ఆ వరండా వైపు తిరిగి నవ్వుతూ చెయ్యెత్తింది.

ధర్మ ఇంకా గబగబా నడిచాడు. స్వర్ణ వాళ్ళిద్దరి మడమలే చూసుకుంటూ వెనకే నడిచింది. నర్సు చెవుల ఎరుపు ఊరు చేరేదాకా ఆమె కళ్ళ ముందే ఉంది.

* * *

జయలక్ష్మి చెప్పినట్టే వచ్చింది. గెడ్డ దాటి, వలిసె చేల గట్టు మీదుగా, పసుప్పచ్చ పుప్పొడి చీర కుచ్చిళ్ళకు పట్టించుకుని. సంచిలోంచి స్పిరిట్ దీపం తీసింది, గాజుగొట్టం తీసింది, స్టీలు గ్లాసు తీసి అందరికీ కనబడేలా వేన్నీళ్ళతో కడిగి తుడిచింది.

అరుగు మీద పోలయ్య పెళ్ళాం అప్పటికే కూర్చుని ఉంది. ముత్యాలమ్మ ఆమెకు చుట్ట కూడా ఇచ్చింది.

"స్వర్ణ ఏది?" అని నర్సు గుమ్మం వైపు గ్లాసు చాపింది.

ముత్యాలమ్మ మధ్యలోనే అందుకుంది. "నాను ఇత్తాను. కోడలు గుంట ఇప్పుడే పెరట్లోకెల్లినాది."

స్వర్ణ నిజంగానే పెరట్లో ఉంది. పొద్దుట్నుంచి అది ఐదోసారి. లేచి చీర సర్దుకుంటుంటే పనసచెట్టు చాటునుంచి సోని వచ్చింది. చేతిలో గ్లాసుంది. మొహం ఎటో పెట్టుకుంది.

"ఇటివ్వు," అంది స్వర్ణ.

సోని ఇవ్వలేదు.

"అమ్మ నన్ను ఎల్లమన్నాది వదినా."

"ఎక్కడికి?"

సోని గ్లాసు వైపు చూసి, నేల వైపు చూసి, "నాది పోసి ఇమ్మన్నాది," అంది.

దడి మీద కాకి వాలి, ఎగిరిపోయింది.

"సీసా సంగతి అత్త నమ్మినాది కదా?"

"నానే నమ్మినాను," అంది సోని. "నిజమే అనుకుని సెప్పినాను. అమ్మ నమ్మితే రోజూ ఈ బూడిదేటి వదినా? ఈ రోజు కూడా పోసినాది కదా."

స్వర్ణ కిందికి చూసింది. బూడిద మీద అప్పుడే తడి. ఆ తడి అంచున మొదటి చీమ వచ్చింది. దాని వెనక ఇంకోటి.

ఇన్ని రోజులుగా అత్త ఈ బూడిద తన మీద కోపంతో పోస్తోందనుకుంది. కాదు. తను ఎంత దాచిందో అత్తా అంతే దాచింది. ఇద్దరూ కలిసి సంతలో ఓ ఆడపిల్లను నిలబెట్టి నవ్వించారు. కలిసి చేశామని ఒకరికొకరు చెప్పుకోకుండానే చేశారు.

కడుపులో బిడ్డ కదిలింది. బలంగా తన్నింది. పెద్దబిడ్డ అని అందరూ మురిసిపోతున్నారు.

"నువ్వు ఇచ్చీసినావనుకో," అంది స్వర్ణ మెల్లగా. "నీలం రంగొత్తాది. నర్సమ్మ ఎల్లిపోద్ది. ఇంక ఎవులూ సూడరు. అప్పుడు దీనికేటి దారి?" అని కడుపు మీద చెయ్యేసుకుంది.

సోని ఏడుస్తూ గ్లాసు ఇచ్చేసింది.

* * *

దీపం మంట చిన్నది. నలుగురాడవాళ్ళూ, గుమ్మానికి ఆనుకుని ధర్మా దాన్నే చూస్తున్నారు.

ముత్యాలమ్మ ఒక్కతే ధైర్యంగా ఉంది. "సూడవే, కల్లు తెరిసి సూడు," అని పోలయ్య పెళ్ళాన్ని పొడిచింది.

నీలం. నీలం. ఆకుపచ్చ.

ముత్యాలమ్మ సోని వైపు తిరిగింది. సోని తల ఎత్తలేదు.

పసుపు. తర్వాత అదే ఇటుకపొడి, అడుక్కి.

పోలయ్య పెళ్ళాం చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుంది. "కోళ్ళకి గింజలెయ్యాల," అని లేచి వెళ్ళిపోయింది. వెటకారం కూడా చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది.

జయలక్ష్మి గెలిచినట్టు చూడలేదు. దీపం మీద మూత పెట్టింది.

"ఆ సీసా నానే కడిగినాను నర్సమ్మా," అంది స్వర్ణ. "బూడిదతోటి, ఏన్నీల్తోటి, మూడుసార్లు. నిన్న సంతలో తెల్దన్నాను. తెలుసు. నిన్ను అందరూ నవ్వుతా ఉంటే సేపలు సూసుకుంటా నిలబడ్డాను."

నర్సు గాజుగొట్టం కడిగి సంచిలో పెట్టింది.

"నేను ఇంటికెళ్ళి ఏడ్చాను," అంది. "అది సర్లే. ఇటు కూర్చో. మీ అమ్మకి సుగరుండేదా?"

"తెల్దు. నా సిన్నప్పుడే పోనాది."

"మొదటి నెలల్లో ఏమైనా మందులు వాడావా? సూదులేమైనా?"

"సూదులెందుకు? తాడుంది కదా," అంది ముత్యాలమ్మ. కానీ గొంతులో ముందటి ఊపు లేదు.

"తాడు ఉండనీ మామ్మా. తాడుతో నాకు పేచీ లేదు. ధర్మా, నువ్వు చెప్పు."

"నేదు," అన్నాడు ధర్మ.

స్వర్ణ అతన్ని చూసింది. అతను గుమ్మం చెక్కను గోటితో గీస్తున్నాడు.

"సోనీ, అటకెక్కి గాదె ఎనకున్న ఆనపబుర్ర దించు," అంది.

"సొర్నా!" అన్నాడు ధర్మ.

"దించు."

బుర్ర గలగలమంటూ దిగింది. స్వర్ణ గుడ్డ విప్పి, అత్త బూడిద ఎత్తే చేటలో దాన్ని బోర్లించింది. మెడలు విరిగిన గాజుబుడ్లు, ఖాళీవి, లోపల నూనె మరకతో, ఒకదాని మీద ఒకటి జారాయి. పారేస్తే ఏమవుతుందోనని ధర్మ ఒక్కటి కూడా పారేయలేదు. బిడ్డ చేతికొచ్చేదాకా ఉండాలన్నాడు.

ముత్యాలమ్మ చేట దగ్గర గొంతుక్కూర్చుంది. ముట్టుకోలేదు.

"ఇయ్యేటి?"

"కడుపు నిలిసే సూదులు అత్తా. వారానికొకటి. సంతలో."

"పకోడీలకి కాదన్నమాట," అంది ముత్యాలమ్మ.

జయలక్ష్మి ఒక బుడ్డి ఎత్తి వెలుతురుకు పట్టి మీద రాసింది చదివింది. "చీటీ ఉందా?"

ధర్మ లోపలికి వెళ్ళి, రేషన్‌కార్డు దాచుకునే వెదురుగొట్టంలోంచి మడతలు చిరిగిన కాగితం తెచ్చాడు.

నర్సు చదివి, "పన్నెండు," అంది. "ఐదో నెల నిండేదాకా పన్నెండు సూదులు. తర్వాత వచ్చి కనబడమని రాసింది. కనబడ్డారా?"

సోని చేటలో బుడ్లు ఒక్కొక్కటే పక్కకు పెట్టసాగింది. పన్నెండు అయ్యాక కూడా చేట ఖాళీ కాలేదు.

"పంతొమ్మిది," అంది సోని.

స్వర్ణ తల తిప్పి మొగుణ్ణి చూసింది. చీటీలో పన్నెండే ఉన్న సంగతి ఆమెకు తెలియదు. ఏడో నెల దాకా పొడిపించుకోవాలని డాక్టరమ్మే చెప్పిందని అతనన్నాడు. ఆమె నమ్మి, వారం వారం ఆ గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది.

"పన్నెండు అయిపోనాక సర్వేశ్వరరావు గారు సీటీ అయిపోనాదన్నాడు," అన్నాడు ధర్మ. నేలతో చెబుతున్నట్టు చెప్పాడు. "నానే బతిమాలినాను. ఆపడానికి నాకు సెయ్యి రానేదు. రెండోది పోనాది ఐదో నెల నిండినాకే కదా. మళ్ళీ అదే నెల. సూది ఆపిన వారమే పోతే? గోనెపట్టా మీంచి ఎత్తుకొచ్చింది నాను. మీరెవులూ సూడనేదు. నాను సూసినాను."

ముత్యాలమ్మ నెమ్మదిగా అడిగింది. "మేకని కోసిన వారం పొడిపించినావా?"

"పొడిపించినాను."

"ఆ తరవాత వారం?"

"పొడిపించినాను."

"ఊరందరూ నా మొక్కు పులుసు తిని మూతులు తుడుసుకుంటా ఉంటే, నువ్వు నీ పెళ్ళాన్ని ఆడి కాడికి తీసుకెల్లినావు."

"తల్లి మీద నమ్మకం నేక కాదమ్మా. రెండూ ఉంటే మంచిదనుకున్నాను."

"మరి నాకు సెప్పడానికి నోరు నేదేటి?"



"ఈ సూదుల వల్లే సుగరొచ్చినాదేటి నర్సమ్మా?" అంది స్వర్ణ.

"అలా అని నేను చెప్పలేను," అంది జయలక్ష్మి. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. "ఈ సూది వాడినవాళ్ళలో సుగరు కాస్త ఎక్కువగా కనబడుతోందని మొన్న ట్రైనింగులో ఓ డాక్టరు గారు అన్నారు. అందరికీ వస్తుందని కాదు. సూది లేకుండానూ వస్తుంది. పన్నెండుతో ఆపినా నీకు వచ్చేదేమో, ఎవరికి తెలుసు? కానీ సూది వాడిన సంగతి తెలిసుంటే నేను ముందే చూసేదాన్ని. అది మాత్రం ఖాయం. ఇప్పుడైనా మించిపోలేదు. రేపు పొద్దున్నే పాడేరు వెళ్ళండి. రక్తం చూస్తారు. తిండి మారుస్తారు. అవసరమైతే ఇంకో సూది రాస్తారు."

"ఇంకో సూదేటి!" అంది సోని.



స్వర్ణ ధర్మనే చూస్తోంది. "సీటీలో పన్నెండని నీకు తెలుసు."

"తెలుసు."

"నా తుంటికి తెల్దు కదా."

ధర్మ గుమ్మం దిగి, కాఫీ తోట వైపు వెళ్ళిపోయాడు. కత్తి అరుగు మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రం కూటికి రాలేదు.

* * *

పొద్దున్న జీపు రోడ్డు మీదకొచ్చేసరికి స్వర్ణ, ముత్యాలమ్మ అక్కడే నిలబడి ఉన్నారు. అత్త ఆ రోజు బూడిద ఎత్తలేదు. ముతకచీర కట్టుకుని, గుడ్డ కట్టిన ఆనపబుర్ర చంకలో పెట్టుకుని, కోడలి కన్నా ముందు బయల్దేరింది.

జీపు వెనక అప్పటికే పన్నెండు మంది. మిరియాల మూట మీద పోలయ్య పెళ్ళాం కూర్చుని ఉంది.

"ఎక్కడికి ముత్యాలూ, పొద్దున్నే?"

చెల్లెలు వరసామె ఇంటికనో, సబ్బులు కొనడానికనో అత్త అంటుందనుకుంది స్వర్ణ. ఆ అబద్ధం కోసం మనసులో తనూ సిద్ధపడింది.

"పాడేరు ఆస్పత్రికి," అంది ముత్యాలమ్మ. జీపు మొత్తానికి వినబడేట్టు అంది. "నా కోడలికి సుగరొచ్చినాది. సీసాది కాదు, దానికే. నర్సమ్మ తప్పేటీ నేదు. నానే సంతలో కూసినాను. జరుగు, కడుపుతో ఉన్నది, ఓ పక్కకి ఒరిగి కూకుంటాది."

పోలయ్య పెళ్ళాం జరిగింది.

ముత్యాలమ్మ మెడ నిటారుగానే ఉంది. చీర చెంగు మాత్రం రెండు కళ్ళ మీదికీ లాక్కుంది. ఒళ్ళో బుర్రను రెండు చేతులా పట్టుకుంది.

"అది ఇటివ్వు అత్తా, నాను పట్టుకుంటాను."

"ఒద్దు. ఆస్పత్రిలో నానే సూపిత్తాను. నా కొడుకు సేసిన పని నాను సెప్పాల."

జీపు కదిలింది. గుంటల్లో ఎగిరినప్పుడల్లా బుర్రలో గాజు గలగలమంది. అందరూ వింటున్నారు. అదేమిటని ఎవరూ అడగలేదు.

మొదటి మలుపు దగ్గర సిల్వర్ ఓక్ చెట్టు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నిన్నటి చొక్కాయే. మోకాళ్ళ దాకా మంచుతడి. జీపు వస్తుంటే రోడ్డు మీదికి ఒక్క అడుగు వేశాడు. చెయ్యి ఎత్తలేదు.

డ్రైవరు బండి నెమ్మది చేశాడు. "ధర్మే కదా? ఆపమంటావేటి ముత్యాలమ్మా?"

ముత్యాలమ్మ కళ్ళ మీది చెంగు తీసింది. కొడుకును చూడలేదు. కోడల్ని చూసింది.

"నన్నడక్కు," అంది. "దాన్నడుగు. పొడిపించుకున్నాది అది."

ఇంజను కొట్టుకుంటోంది. స్వర్ణ ఒక పక్కకు ఒరిగే కూర్చుని ఉంది. తుంటి కింద ఆఖరి సూది కాయ ఇంకా కరగలేదు.

అతను ఇంకో అడుగు వేశాడు.

"సెప్పవే గుంటా," అన్నాడు డ్రైవరు. "ఆపాలా, పోనియ్యాలా?"